అంగారకుడికి దారి, జోల్వా మీదుగా

కరోనా మొదటి ఏడాది మా బడి ఎనిమిదో తరగతి పిల్లలను అంగారక గ్రహం మీదికి పంపే బాధ్యత నా నెత్తిన వేసుకున్నాను. ఎవరూ వేసుకోమనలేదు. సూరత్‌లో ఒక తెలుగు మీడియం సర్కారు బడిలో సైన్సు చెప్పుకునే పంతులమ్మకు గ్రహాలు అప్పజెప్పేంత తీరిక ఏ ప్రభుత్వానికి ఉంటుంది? నాకు నేనే అప్పజెప్పుకున్నాను.

ఖాళీగా కూర్చోవడం వల్ల వచ్చిన తంటా ఇది. లాక్‌డౌన్‌లో బడి మూతపడింది. మావారు గుమాస్తాగా చేసే చీరల దుకాణం మూతపడింది. ఆల్థాన్‌లో మా రెండు గదుల ఇంట్లో ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుని విసిగిపోయి చెరొక ఫోను పట్టుకున్నాం. ఆయన వంటల వీడియోలు చూశాడు గాని ఒక్కనాడూ వండలేదు. నేను అంగారకుడి వీడియోలు చూశాను. గాజు గుమ్మటాల కింద పచ్చటి తోటలు, ఎర్ర మట్టి మీద తెల్లటి ఇళ్ళు, లక్షల మంది ఉండే నగరం. అదే వానాకాలంలో మూడు దేశాలు ఒకదాని వెనక ఒకటి అటు నౌకలు పంపాయి. భూమీ అంగారకుడూ దగ్గరకొచ్చే అదను పోతే మళ్ళీ రెండేళ్ళు దాటాక గాని రాదని అందరూ తొందరపడ్డారు. ఆ తొందర నాకూ అంటుకుంది. మనం ఎందుకు వెనకబడాలి అని ఒకరోజు పొద్దున చాయ్ తాగుతూ పైకే అన్నాను.

"ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట," అన్నాడు మావారు. "మొదలు కిందికి పోయి పాల ప్యాకెట్ తేపో. స్వర్గానికి తర్వాత ఎగురుదువు."

పాలు తెచ్చాను. తెస్తూ తెస్తూ మెట్ల మీద ప్రాజెక్టుకు పేరు కూడా పెట్టేశాను.

నా ఉత్సాహం అంతా ఉత్తిదే అనుకోకండి, దాని వెనక ఒక పిల్ల ఉంది. మా ఎనిమిదో తరగతిలో అందరికంటే చురుకైనది. వాళ్ళ నాన్న సాంచాల మీద పనిచేస్తాడు. మరమగ్గాలను మావాళ్ళు సాంచాలనే అంటారు. ఉత్తర తెలంగాణ నుంచి సూరత్ వచ్చిన మగవాళ్ళలో సగం మంది బతుకు ఆ సాంచాల చప్పుడులోనే గడుస్తుంది. లాక్‌డౌన్ సడలాక ఆయనకు ఊరి బయట జోల్వాలో పని దొరికింది. షెడ్డు పక్కనే గది కూడా ఇస్తామన్నారని కుటుంబంతో అటు మారిపోయాడు. పాఠాలు ఎలాగూ ఫోనులోనే కాబట్టి ఆ పిల్ల జోల్వాలో ఉన్నా, నా ముందు బెంచీ మీద ఉన్నా ఒకటే. చిక్కల్లా వచ్చే ఏడాదిది. మా బడి ఎనిమిదితో అయిపోతుంది. ఆ తర్వాత చదువు వద్దని, ఇంట్లో కూర్చుని చీరలకు లేసు కుట్టుకోవాలని వాళ్ళ నాన్న అంటున్నాడని పిల్ల నాతో చెప్పింది. ఏడవలేదు, వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పింది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఆ పిల్ల తొమ్మిదో తరగతిలో కూర్చోకపోతే నేను చాక్‌పీసు పట్టుకోవడం దండగ అనుకున్నాను.

మరి తొమ్మిదో తరగతిలో చేర్పించాలంటే ఏం చేయాలి? ఎవరైనా అయితే వెళ్ళి తండ్రితో మాట్లాడతారు. నేను ఆ పిల్లను అంగారక యాత్రకు నాయకురాలిని చేశాను. ఆ ఏడాది బడులన్నిటికీ కలిపి ఆన్‌లైన్‌లో సైన్సు ప్రదర్శన పెట్టారు. అందులో మా పిల్ల మాట్లాడుతుంది, పెద్దలు చప్పట్లు కొడతారు, తండ్రి అది ఫోనులో చూసి కళ్ళు తుడుచుకుంటాడు, మర్నాడు బిడ్డ చేయి పట్టుకుని హైస్కూలుకు తీసుకుపోతాడు. ఇదీ నా పథకం. నేల విడిచి సాము అంటే ఇదేనని ఇప్పుడు తెలుస్తోంది గాని అప్పుడు నా తెలివికి నేనే మురిసిపోయాను.

పిల్లలకు పనులు పంచాను. ఒకరికి నీళ్ళు, ఒకరికి తిండి, ఒకరికి గాలి. అంగారకుడి గాలి పలుచన, ఉన్న కాస్తా మనం వదిలేసే బొగ్గుపులుసు వాయువే కాబట్టి పీల్చుకునే గాలి కూడా మూట కట్టుకుని పోవాలి, లేదా అక్కడ తయారు చేసుకోవాలి అని వివరించాను. పైకి లేపే ప్రతి కిలోకూ ఖర్చుందని, అనవసరమైనది ఒక్కటి కూడా పెట్టొద్దని హెచ్చరించాను. నా ఉపన్యాసాలన్నీ గ్రూపులో వాయిస్ మెసేజీలుగా పోయేవి. ఒక్కొక్కటి అన్నం ఉడికేంతసేపు ఉండేది. పిల్లలు విన్నారో లేదో గాని వాళ్ళ ఇళ్ళలో ఆడవాళ్ళు వంట చేసుకుంటూ విన్నారట. ఒక తల్లి, "మేడం, ఆడ కిరాయి ఎంతుంటది?" అని అడిగింది. వెక్కిరింతేమో అనుకుని బదులివ్వలేదు. తర్వాత ఆలోచిస్తే నా మొత్తం ప్రాజెక్టులో అంతకంటే పనికొచ్చే ప్రశ్న ఇంకొకటి రాలేదు.

తిండి చూసే పిల్లవాడు అందరికీ తొమ్మిది నెలల దారికి సరిపడా జొన్నపిండి, పచ్చి పులుసుకు చింతపండు లెక్క రాసి పంపాడు. జొన్నపిండి బరువు చూసి నాకు కళ్ళు తిరిగాయి. రొట్టెలు ఆపేద్దామంటే వాళ్ళ నానమ్మ వినలేదు. గాలి చూసే పిల్ల ప్రతి మనిషికీ ఒక తులసి కుండీ రాసింది. ఖర్చు కూడితే నా ఫోను లెక్కల డబ్బాలో సున్నాలు పట్టలేదు. అందుకని తిరుగు ప్రయాణం తీసేశాను. వెనక్కి రావడానికి కావలసిన ఇంధనమే అన్నిటికంటే బరువని, పోయినవాళ్ళు అక్కడే ఉండిపోవాలని పెద్ద పెద్దవాళ్ళే అంటున్నారు కదా, నాదేం పోయింది? సున్నాలు కాస్త తగ్గాయి.

"తిరిగొచ్చుడు లేదని ఇంట్ల చెప్పొద్దు మేడం," అని మా నాయకురాలు మెసేజీ పెట్టింది. "అమ్మ నా పేరు తీసేయమంటది."

ఈ పిల్ల దగ్గర్నుంచి మెసేజీ రావడమే గగనం. ఇంటికంతటికీ ఒకటే ఫోను, అది తండ్రి జేబులో ఉంటుంది. సాంచాల పని పాళీల మీద నడుస్తుంది. ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. ఆయన రాత్రి పాళీ చేసి పగలు నిద్రపోయే వారం పిల్లకు ఫోను దొరుకుతుంది. పగటి పాళీ వారం ఫోను ఆయనతో పాటు షెడ్డుకు పోతుంది. అంగారకుడి నుంచి భూమికి కబురు రావడానికి ఒక్కోసారి ఇరవై నిమిషాలు పడుతుందని నేను గ్రూపులో నోరెళ్ళబెట్టి చెప్పాను. జోల్వా నుంచి ఆల్థాన్‌కు వారం పడుతోందని తెలిసి కూడా నాకు నవ్వు రాలేదు. అంత గంభీరంగా ఉండేదాన్ని ఆ రోజుల్లో.

ప్రదర్శన రోజు వచ్చింది. నేను గ్రహాల అదను లెక్క వేయగలిగాను గాని ఆ వారం పగటి పాళీ అన్న సంగతి మర్చిపోయాను. మా వంతు వచ్చేసరికి తెర మీద నేనొక్కదాన్నే ఉన్నాను. పట్టుచీర కట్టుకుని, వెనక ఎర్ర దుప్పటి వేలాడదీసుకుని. అది అంగారకుడి నేల అని అర్థం. న్యాయనిర్ణేతగా కూర్చున్న పెద్దాయన, "దీనికి ఎంత ఖర్చవుతుంది, ఎవరిస్తారు?" అని హిందీలో అడిగారు. పిల్ల వచ్చేదాకా సాగదీద్దామని మొదలుపెట్టాను. తీరా మొదలుపెట్టాక నాకు భలే బాగనిపించింది. మానవజాతి భవిష్యత్తు అన్నాను, సముద్రాలు దాటిన నావికులు అన్నాను, ఖర్చు చూసుకుంటే చక్రం కనిపెట్టేవాళ్ళా అన్నాను. చక్రానికి ఎంత ఖర్చయిందో ఎవరికి తెలుసు? "మేడం, టైమ్ అయిపోయింది," అని వాళ్ళు నన్ను ఆపేశారు. మూలనున్న చిన్న గడిలో మా పిల్ల మొహం కనిపించి మాయమైంది.

సాయంత్రం మెసేజీ వచ్చింది. "నాన్న తిండి రిసెస్‌ల ఉరికొచ్చి ఫోన్ ఇచ్చిండు మేడం. మీరు మాట్లాడుతుంటిరి. ఇద్దరం మీరు చెప్పిందే విన్నం. మల్ల రిసెస్ అయిపోయింది." చివర ఒక నమస్కారం బొమ్మ.

ఆ నమస్కారం చూసి మంచం మీద అటు తిరిగి పడుకున్నాను. మావారు రెండుసార్లు చాయ్ అడిగి, మూడోసారి తనే పెట్టుకున్నాడు. మాకు బహుమతి రాలేదు. వర్షపు నీటి తొట్టి చేసిన బడికి వచ్చింది. ఆ తొట్టి ఖర్చు నా జొన్నపిండి ఖర్చులో వీసమెత్తు కూడా ఉండదు, పైగా నిజంగా నీళ్ళు పట్టింది.

తర్వాత కరోనా రెండో అల వచ్చి అందరి నోళ్ళూ మూయించింది. ఆ వేసవిలో అంగారకుడి మాట నేనూ ఎత్తలేదు. అందరినీ పరీక్ష లేకుండానే పాస్ చేశారు. జూన్‌లో ఆ పిల్ల మెసేజీ పెట్టింది: "మేడం, నాన్న ఎనిమిది చాలన్నడు. మీకు చెప్పమన్నడు."

ఇక నేనే పోవాలి అనుకున్నాను. మావారిని జోల్వా ఎటువైపని అడిగాను. ఆయన తింటున్న ముద్ద ఆపి నన్ను చూశాడు.

"అంగారకుడు ఎన్ని కోట్ల కిలోమీటర్లో నిద్రల గూడ చెప్తవు. జోల్వా ఎక్కడో తెల్వదా? ఇక్కడికెళ్ళి గంట తొవ్వ."

తెలియదు. పిల్ల ఏడాదిగా అక్కడ ఉంటోంది, నేను ఒక్కసారీ పోలేదు. దానికి కరోనా అని పేరు పెట్టుకున్నాను. నిజానికి ఆలోచనే రాలేదు. సంచీ సర్దితే అదొక యాత్ర అయింది: శానిటైజర్, రెండు మాస్కులు, గొడుగు, నీళ్ళ సీసా, బిస్కెట్లు, ఆఖరున చుట్టచుట్టిన అంగారక పటం. అనవసరమైనది ఒక్కటి కూడా పెట్టొద్దని పిల్లలకు చెప్పిన మనిషిని నేనే. కడోదరా దాకా ఒక షేర్ రిక్షా, అక్కడి నుంచి ఇంకొకటి. రెండో రిక్షాలో ఆ పటం పక్కావిడ ముక్కుకు తగిలింది. ఆమె గుజరాతీలో నన్నూ నా పటాన్నీ కలిపి తిట్టింది.

గది షెడ్డుకు ఆనుకునే ఉంది. గోడ మీద చేయి పెడితే సాంచాల అదురు తెలుస్తోంది. పిల్ల తల్లి ఒళ్ళో చీర పెట్టుకుని లేసు కుడుతోంది. నన్ను చూసి గాభరాగా లేచి, "కూసోండ్రి మేడం, చాయ్ పెడ్త. ఆయన పాళీల ఉన్నడు, పొద్దుగూకినంక వస్తడు," అంది. పొద్దుగూకేదాకా ఉంటే నాకు తిరుగు రిక్షా దొరకదు. తిరుగు ప్రయాణం విషయంలో నేను మొదటిసారి ఆలోచించింది అప్పుడే. పిల్ల, "లోపలికి పోదాం రండి మేడం, పని చేసుకుంటనే మాట్లాడతడు," అని ముందు నడిచింది. ఏడాదిలో నా భుజం దాకా పెరిగింది.

షెడ్డు తలుపు తీయగానే నా చెవులు పనిచేయడం మానేశాయి. అన్ని సాంచాలు ఒక్కసారి కొట్టుకుంటుంటే మన మాట మనకే వినపడదు. అక్కడ పనిచేసేవాళ్ళు పెదవులు చూసి, చేతి సైగలతో మాట్లాడుకుంటారని సాంచాల మీదే పనిచేసిన మా నాన్న కాలం నుంచీ నాకు తెలుసు. మాస్కులు వచ్చాక పెదవులు కూడా మూతపడి సైగలే మిగిలాయి. తెలిసి తెలిసి నేను రాత్రంతా ఉపన్యాసం బట్టీ పట్టుకుని వచ్చాను. ఇంతటి తెలివి ఎవరికి అబ్బుతుంది?

తండ్రి సన్నటి మనిషి, తల మీదా కనుబొమ్మల మీదా తెల్లటి దారపు నూగు. నాకు దండం పెట్టి మళ్ళీ తన సాంచాల వైపు తిరిగాడు. ఏ దారం ఎప్పుడు తెగుతుందో, చూపు తిప్పడానికి లేదు. పిల్ల ఆయన ఎదురుగా పోయి నిలబడింది. నేను దాని చెవిలో అరవాలి, అది సైగల్లో ఆయనకు చెప్పాలి, అలా కుదిరింది. తన చదువు కోసం తనే వకాలతు పుచ్చుకుందన్నమాట.

నేను అరిచాను. ఈ పిల్ల మామూలు పిల్ల కాదు అన్నాను. రేపు అంగారకుడికి పోయేవాళ్ళలో మన తెలుగు ఆడపిల్ల ఎందుకు ఉండకూడదు అన్నాను. పటం విప్పబోతే పంకా గాలికి అది ఎగిరి సాంచా మీద పడబోయింది. పక్క సాంచా ఆయన పరుగెత్తుకొచ్చి పట్టుకుని, మడిచి నా చేతిలో పెట్టి, రెండు చేతులూ జోడించాడు. నేను ఆగలేదు. అరిచీ అరిచీ మాస్కు తడిసిపోయింది.

ఇంత చెబితే పిల్ల చేసిందల్లా మూడు సైగలు. రెండు వేళ్ళు నడిపించింది. మూడు వేళ్ళు దగ్గరగా పట్టుకుని చూపించింది. అరచేతిలో దీపం పెట్టినట్టు ఏదో చేసింది. ఆ తర్వాత అట్లాగే చూస్తూ నిలబడింది. తండ్రి ఒక తెగిన దారం ముడివేశాడు. సాంచా మళ్ళీ నడిపించాడు. పిల్ల వైపు చూడకుండానే తల ఊపాడు. అవునని ఊపాడో, పొమ్మని ఊపాడో నాకు తెలియలేదు.

బయటికి వచ్చి కాస్త దూరం పోయాక, "ఏమన్నాడే?" అని అడిగాను. ఇంకా అరుస్తూనే ఉన్నాను.

"సరే అన్నడు మేడం."

"అంగారకుడి సంగతి చెప్పావా?"

"దానికి సైగ లేదు మేడం." నేను మనసు కష్టపెట్టుకుంటానని కాబోలు, తను చెప్పిందేమిటో వివరించింది. "ఈడ గుజరాతీ హైస్కూల్ పెద్ద రోడ్డు అవతల ఉన్నది. ట్రక్కులు ఆగయి. నాన్నకు అదే రంధి. ఒడియావోళ్ళ పిల్లలు ఇద్దరు పోతరు, వాళ్ళ జతల దాటుత అని చెప్పిన. గుజరాతీ నాకు వస్తది. దివాలి దాంక పోతనన్న, అంతే."

"దీపావళి దాకానా? తర్వాతో?"

"తర్వాత హోలీ దాంక అడుగుత. ఒక్కటేసారి అంత అడిగితే ఎవరిస్తరు మేడం?"

నగరం కట్టేదాకా, గుమ్మటాలు లేచేదాకా ఒక్క ఊపున అడిగిన మనిషిని నేను. ఆ పెద్దాయన ఎవరిస్తారని అడిగితే చక్రం గురించి చెప్పిన మనిషిని. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. బిస్కెట్ ప్యాకెట్ తీసి దాని చేతిలో పెట్టాను. ఇంకేం చేయాలో తోచలేదు.

నాకు రిక్షా ఆపడానికి పిల్ల రోడ్డు మీదికి పోయింది. అంతలో తండ్రి షెడ్డులోంచి గబగబా వచ్చాడు, నీళ్ళ బాటిల్ నింపుకునే మిషతో. సాంచాల మనుషులకు గొంతు తగ్గించడం చేతకాదు. ఆయన ఎంతో కష్టపడి తగ్గించాడు.

"మేడం, దివాలి దాంక అని మీకు గూడ చెప్పిందా?"

చెప్పిందన్నాను.

"ఐదో తరగతి సంది గిదే మాట. దివాలి అయితే హోలీ అంటది, హోలీ అయితే దివాలి అంటది. గీసారి ఆ రోడ్డుకు భయపడి ఇగ వద్దన్న. జతకు పిల్లలున్నరంటే జర ధైర్నమైంది." బాటిల్ మూత బిగించాడు. రోడ్డు వైపు చూశాడు. అక్కడ పిల్ల ట్రక్కుల మధ్య నుంచి ఒక రిక్షాకు చేయి ఊపుతోంది. "నాకు ఎరుకేనని దానికి చెప్పకుండ్రి మేడం. మల్ల అడుగుడు బంద్ చేస్తది."